ఆరంటే ఆరే

భీమవరం కళాకేంద్రం కచేరీ కార్డు మీద ఆరు గంటలని ఉంటే, ఇంట్లోంచి ఏడింటి తర్వాత బయల్దేరితే చాలని ఊళ్ళో అందరికీ తెలుసు. ముందు దీపం, ఆపైన దండలు, శాలువాలు, ఆ తర్వాత రామరాజుగారి ప్రసంగం. ఊళ్ళో కళాభిరుచి చచ్చిపోయిందని ఆయన ఖాళీ కుర్చీలకేసి చూస్తూ ప్రతిసారీ వాపోతారు. వాపోయి, రొయ్యల చెరువుల మీద పనుందంటూ వెళ్ళిపోతారు. కేంద్రానికి స్థలమిచ్చిన మనిషి, పైగా కార్యదర్శి జానకీదేవికి స్వయానా అక్క మొగుడు. ఆపేదెవరు?

కిందటేడు సెనెగల్ నుంచి లామిన్ అనే కళాకారుడు వచ్చాడు. కోరా అని, వాళ్ళ దేశపు తీగెల వాద్యం. శాలువాలూ ప్రసంగాలూ అయ్యేసరికి పాపం రెండు పాటలకే టైము మిగిలింది. నిడదవోలులో రైలుంది మరి. కారెక్కుతూ అతను నవ్వుతూనే నమస్కారం పెట్టాడు. ఆ నవ్వు జానకీదేవిని ఏడాదంతా కుదురుగా ఉండనివ్వలేదు. ఈసారి సాయంత్రమంతా మీదేనని మాటిచ్చి మళ్ళీ రప్పించింది. జోడుగా ఉమాశ్రీ వీణ.

కచేరీ రోజు జానకీదేవి ప్రసంగాల మైకు తీసుకెళ్ళి తన కారు డిక్కీలో పెట్టి తాళం వేసేసింది. ఆరయింది. హాల్లో పట్టుమని పదిమంది లేరు.

"కాసేపు ఆగుదామాండీ?" అంది ఉమాశ్రీ.

"వద్దమ్మా. మొదలెట్టండి."

వీణ మోగింది, కోరా అందుకుంది. జానకీదేవి ఖాళీ కుర్చీలకేసి ఓసారి చూసింది. అయినా మొండిగా ముందు వరుసలో కూర్చుంది.

కాసేపటికి శాలువాలు పట్టుకుని రామరాజుగారు దిగారు. ఆవిడ గబగబా లేచి వేదిక మెట్లకి అడ్డంగా నిలబడింది.

"ఏంటి జానకీ ఇది? నేను రాకుండానే మొదలెట్టేశారా? రెండు ముక్కలు మాట్లాడాలి, జరుగు."

"ఇవాళ ఎవరూ మాట్లాడరు బావగారూ. అతనికి మాటిచ్చాను. కావాలంటే రేపు నన్ను తీసేయండి. ఇప్పుడు మాత్రం కూర్చోండి."

పదిమందిలో గొడవెందుకని ఆయన ధుమధుమలాడుతూ కూర్చున్నారు.

ఏడున్నరకి జనం తీరుబడిగా వచ్చి, అప్పుడే కచేరీ నడుస్తోందని చూసి తెల్లబోయారు. చప్పుడు కాకుండా ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు. చూస్తుండగానే హాలు నిండిపోయింది. రామరాజుగారు వెనక్కి తిరిగి చూశారు. చూస్తూ ఉండిపోయారు.

"ఇంతమందీ ఎవరమ్మా?" అన్నారు గొంతు తగ్గించి.

"మన ఊరివాళ్ళే బావగారూ. ప్రతిసారీ వస్తారు. మీ ప్రసంగం అయ్యేదాకా బయట టీకొట్టు దగ్గర ఉంటారు."

ఆయన మొహం చిన్నబోయింది. జానకీదేవికి జాలేసింది గానీ, అన్నమాట వెనక్కి తీసుకోలేదు. చెరువుల మీంచి ఫోనొచ్చింది. ఆయన కట్ చేసేశారు.

లామిన్ తనివితీరా వాయించాడు. చివర్లో హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రామరాజుగారు వేదికెక్కి, ఇద్దరికీ శాలువాలు కప్పి, నోరు మెదపకుండా దిగొచ్చారు.

"మైకేదీ?" అన్నారు మరదలితో.

"నా కారు డిక్కీలో ఉందండి."

"అక్కడే ఉండనీ."