మూఢానికి ముందు కొన్న ల్యాప్‌టాప్

జగన్నాథరావు గారింట్లో కాఫీ చిక్కగానే ఉంది, పంచదారా సరిపోయింది. అయినా చంద్రరావుకి అది చేదుగా దిగింది. ఎదుటి కుర్చీలో కూర్చున్న శాంతికుమార్ ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్ మీదే ఉంది ఆయన చూపంతా.

చంద్రరావు భీమవరంలో ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. ఉండి వైపు చేపల చెరువులున్న జగన్నాథరావు కొత్త ఇల్లు కట్టాలనుకుని ఇద్దరికీ ఒకేసారి కబురు పెట్టాడు. ఈయన కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. శాంతికుమార్ భుజాన నల్ల సంచి తగిలించుకుని వచ్చాడు. ఇప్పుడు తెర మీద రంగుల ఇల్లొకటి అటూ ఇటూ తిరుగుతోంది. జగన్నాథరావు తల్లి అచ్చాయమ్మ నిజంగానే గడప దాటుతున్నట్టు చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తిపట్టుకుని మరీ చూస్తోంది.

“ఆగు నాయనా. ఆ తలుపు తియ్యి. అది దేవుడి గదేనా?”

“అవునండి అమ్మగారూ.”

“మరి ఈ వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోంది?”

“తూర్పు కిటికీలోంచండి. పొద్దుటి ఎండ.”

ఆవిడ మొహంలోకి కూడా ఆ వెలుగు వచ్చినట్టే అనిపించింది చంద్రరావుకి. ఆయన కాగితాల చుట్ట ఇంకా విప్పనే లేదు. పనిమనిషి కాఫీ పళ్ళెం దాని మీదే పెట్టి వెళ్ళింది.

ఈ శాంతికుమార్ ఒకప్పుడు ఆయన గదిలోనే స్కేలు పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఇప్పటికీ ‘మాస్టారూ’ అనే పిలుస్తాడు. ఆ పిలుపులో కాస్త ఎటకారం ఉన్నా బాగుండేది, కోపానికి ఒక ఆధారం దొరికేది. అదీ ఉండదు.

జగన్నాథరావు వీధి దాకా సాగనంపుతూ తేల్చి చెప్పాడు. “గీతలు నాకు అర్థమవుతాయండి, అమ్మకి అవ్వవు. ఇంట్లో ఉండేది ఆవిడ. మీరూ ఇలాంటి బొమ్మ చేసి పట్రండి. వచ్చే మూఢం వెళ్ళాక శంకుస్థాపన. ఈలోపు అమ్మకి ఏది నచ్చితే అదే కడతాం.”

గురుడో శుక్రుడో సూర్యుడి చాటుకెళ్ళే మూఢం రోజుల్లో కొత్త పని మొదలెట్టరు గనక చంద్రరావుకి కొంత గడువు దొరికింది. కానీ ఇది ఒక్క ఇంటితో పోయేది కాదు. జగన్నాథరావు అన్నగారిల్లు గీసింది చంద్రరావే. ఈ ఇల్లు చెయ్యి జారితే, ఆ చెరువుల మీద లేచే ఇళ్ళన్నీ ఆ నల్ల సంచి వెనకాలే నడిచిపోతాయి.

ఆయన గదిలో కంప్యూటర్ లేకపోలేదు. ఒకసారి దాన్ని ఆటోలో ఎక్కించి, మానిటర్‌ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఒక రొయ్యల రైతింటికి మోసుకెళ్ళాడు. తీగలన్నీ తగిలించేసరికి కరెంటు పోయింది. రైతు మర్యాదస్తుడు గనక మజ్జిగిచ్చి పంపించాడు. ఆ ఇల్లు తర్వాత శాంతికుమార్ గీశాడు.

భార్య రత్నమాణిక్యం సంగతంతా విని, వీధిలో వాళ్ళతో కడుతున్న చీటీ ఈ నెల తనే పాడుతానంది. అందులో ఎంతొస్తే అంతలో కొనుక్కోమనీ, పైన అప్పు మాత్రం చెయ్యొద్దనీ అంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

“ఏది కొనాలో శాంతికుమార్‌నే అడగండి. మీ దగ్గర నేర్చుకున్నవాడే కదా.”

“నాకు తెలీదా?”

“తెలీదనే కదండీ వారం నుంచీ నిద్రపోవట్లేదు.”

అడగకుండానే చెప్పాడు శాంతికుమార్. ప్లాన్లు జెరాక్స్ తీసే కొట్లో ఎదురుపడి, ఏ దాపరికం లేకుండా చెప్పాడు. “తెర తళుకు చూసి మోసపోకండి మాస్టారూ. మన త్రీడీ పనికి గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలి, ర్యామ్ పెంచుకునే వీలుండాలి. బరువైనా పర్లేదు, పాతదైనా పర్లేదు. నాదీ సెకండ్ హ్యాండేనండి.”

చంద్రరావు తలూపాడు. ఇంటికి వచ్చేదారిలో ఆ మాటలు ఒక్కొక్కటే లోపల పులిసిపోయాయి. పోటీలో ఉన్నవాడు పోటీలో ఉన్నవాడికి మంచెందుకు చెబుతాడు? పాత గుదిబండ ఒకటి నా మెడకి కట్టించి, అచ్చాయమ్మ గారి ముందు అది మొరాయిస్తే చూసి నవ్వుకోవడానికి కాకపోతే?

రాజమండ్రిలో కంప్యూటర్ల కొట్టు నడిపే సత్యప్రసాద్ ముందు పనేంటని అడిగాడు. విని, లోపల్నుంచి నల్లటి బరువైన యంత్రం ఒకటి తెచ్చాడు. అచ్చం శాంతికుమార్‌ది లాంటిదే. ఎవరో ఇంజనీరు వాడి అమ్మేసిందనీ, మీరు తెచ్చిన డబ్బులో ఈ పని చెయ్యగలిగింది ఇదొక్కటేననీ, లోపలి ఫ్యాను మార్చి శుక్రవారం ఇస్తాననీ చెప్పాడు. గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, బరువు, అన్నీ శాంతికుమార్ మాటలే. ఆ మాటలు ఇంకో నోట వినేసరికి చంద్రరావుకి నమ్మకం కలగాల్సింది. కలగలేదు. శాంతికుమార్ చెప్పింది నిజమే అయితే మరీ మంటగా ఉంది.

బల్ల మీద ఇంకొకటి ఉంది. కొత్తది, పల్చనిది. వెండిరంగు మూతతో పెళ్ళికొడుకులా మెరుస్తోంది. ధర అంతే.

“అది లెక్కలకీ, సినిమాలకీ బాగుంటుందండి. మీ పనికి ఆయాసపడుద్ది,” అన్నాడు సత్యప్రసాద్.

“గురువారం నుంచి మూఢమండి. శుక్రవారం దాకా ఆగలేను.”

“మూఢం పెళ్ళిళ్ళకీ ఇళ్ళకీ కదండీ. దీనికేంటి?”

“కొత్త పనిముట్టు. ఇంట్లో పట్టింపు.”

ఇంట్లో పట్టింపు ఎవరికీ లేదు. కిందటి మూఢంలో రత్నమాణిక్యం మిక్సీ కొన్నప్పుడు ఆయనకీ లేదు. శాంతికుమార్‌కైతే మూఢమే ఉండదు, ఆదివారం చర్చికెళ్తే సరిపోతుంది. దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని వెండి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నప్పుడు, చంద్రరావుకి ఆ తేలిక మీద కూడా అసూయ కలిగింది.

బుధవారం కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, పని మొదలుపెట్టాడు. తెర మీద గోడలు లేచినంత సేపూ బాగానే ఉంది. కిటికీలకి గ్రిల్లులు, కింద పలకలు, డాబా మీద పిట్టగోడ వచ్చేసరికి యంత్రం వేడెక్కింది. ఇల్లు తిప్పితే వీధి మలుపులో ఇరుక్కున్న రథంలా ఆగి ఆగి కదిలింది. ఎండా నీడా వెయ్యమంటే తెర ఆరిపోయింది. రత్నమాణిక్యం టేబుల్ ఫ్యాను తెచ్చి పక్కన పెట్టింది. అయినా ఆరిపోయింది. అలా రెండు వారాలు కుస్తీ పట్టాక జగన్నాథరావు నుంచి ఫోను వచ్చింది, ఆదివారం రమ్మని.

ఆ పూట దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాడు చంద్రరావు. స్వామీ, నాకు మూఢం అడ్డొచ్చిందా, నేనే మూఢాన్ని అడ్డం పెట్టుకున్నానా? నీ పేరు చెప్పి నేను కొన్నది ఏంటి? దేవుడు ఎప్పట్లాగే ఊరుకున్నాడు. రత్నమాణిక్యం ఊరుకోలేదు.

“వెళ్ళి అడగడానికి సిగ్గా?”

“సిగ్గు కాదు. మంట.”

“మంటైతే మండనివ్వండి. వెళ్ళి రండి.”

శనివారం పొద్దున్నే పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని శాంతికుమార్ ఇంటికి వెళ్ళాడు. అతను ఏంటీ ఎందుకూ అనలేదు. నల్ల యంత్రానికి దాన్ని తగిలించి, ఇల్లు తెరిచి, కాసేపు తిప్పి చూశాడు. వంటింటి వెనక వరండా దగ్గర ఆగాడు.

“ఇది చేపలు తోముకోవడానికా మాస్టారూ?”

“అచ్చాయమ్మ గారు చేప బయట కూర్చునే తోముతారు. వాసన ఇంట్లోకి కొట్టకుండా గాలివాలు చూసి పెట్టాను.”

“నాకు తట్టలేదండి ఇది.”

చంద్రరావు కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు. ఇక ఇది అతని ప్లానులోకీ ఎక్కేస్తుంది. బొమ్మలు తయారవడానికి సాయంత్రమవుతుందనీ, తనే ఇంటికి తెచ్చిస్తాననీ శాంతికుమార్ అన్నా ఆయన కుర్చీ వదలలేదు. శాంతికుమార్ భార్య రాణి భోజనానికి లేవమంటే శనివారం ఒక్కపొద్దన్నాడు. ఆవిడ అరటిపళ్ళూ పాలూ తెచ్చిపెట్టింది. అవి తింటూ కూడా తెర మీంచి చూపు తిప్పలేదు.

మధ్యాహ్నం కట్టడం దగ్గర్నుంచి మేస్త్రి ఫోను చేస్తే శాంతికుమార్ లేచాడు. అయ్యాక ఏది నొక్కాలో చూపించి, యంత్రాన్ని ఆయనకి వదిలేసి వెళ్ళిపోయాడు.

తెర మీద ఒక మూల ‘అచ్చాయమ్మ గారిల్లు’ అనే పేరుతో అతని ఫైళ్ళున్నాయి. చంద్రరావు తలుపు వైపు చూశాడు. తర్వాత తెరిచాడు. దేవుడి గది, మెట్లు, ముందు వసారా, ఒక్కొక్కటే చూశాడు. ఎక్కడో ఒక తప్పు దొరుకుతుందేమోనని వెతికాడు. ఇల్లు బాగుంది. బయట వీధి గుమ్మంలో అడుగుల చప్పుడు వినపడినట్టై గబుక్కున మూసేశాడు. రాణి గ్లాసు తీసుకెళ్ళడానికి వచ్చింది. పొద్దుట్నుంచీ ఎదుటివాడు చేస్తాడేమోనని కాపలా కాసిన పని తనే చేశానని తెలిసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం శాంతికుమార్ వచ్చాక ఆ మాట చెప్పాలనుకున్నాడు. ‘వస్తానోయ్’ అని మాత్రం అన్నాడు.

ఆదివారం వెండి ల్యాప్‌టాప్ బుద్ధిగా బొమ్మలన్నీ చూపించింది. చూపించడం వరకూ దానికి ఆయాసం లేదు. అచ్చాయమ్మ వెనక వరండా దగ్గర ఆపించి, పీట ఎక్కడ వేసుకోవాలో, నీళ్ళెటు పోతాయో అడిగి తెలుసుకుంది. మిగతా ఇల్లు పూర్తిగా చూడనే లేదు.

“ఇదే కడదాంరా,” అంది కొడుకుతో.

జగన్నాథరావుకి ప్లాను కంటే బొమ్మ నచ్చింది. ఎండ అచ్చం ఎండలాగే ఉందనీ, ఇంత పల్చని మెషీను ఇంత పని చేస్తుందనుకోలేదనీ అన్నాడు. అవునంటే సరిపోయేది. చంద్రరావు నోటి దాకా వచ్చింది కూడా.

“దీని మీద చెయ్యలేదండి. శాంతికుమార్ చేసిచ్చాడు.”

జగన్నాథరావు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. “పోటీలో ఉండి మీకు చేసిపెట్టాడా? ఎంత మంచోడండీ. మా బావ గారు కల్యాణమంటపం కడతానంటున్నారు. అతన్ని పంపిస్తాను.”

“అలాంటోడికి ఇయ్యాలి పని,” అంది అచ్చాయమ్మ, ఆ వరండా గీసినాయన ఎదురుగానే కూర్చున్నాడని మరిచిపోయి.

కాలవ గట్టు మీద స్కూటర్ నడుపుతూ చంద్రరావు మనసుని ఎన్ని విధాలుగానో సముదాయించాడు. ఇల్లు తనదే అయింది. అబద్ధమాడలేదు. మంచివాణ్ణి మంచివాడంటే తప్పేముంది? చర్చి ముగిసే వేళయింది. బండి పక్కకి ఆపి, థాంక్స్ చెబుదామని ఫోను చేశాడు.

“విన్నానండి మాస్టారూ, ఇప్పుడే జగన్నాథరావు గారు చేశారు. చాలా సంతోషమండి. నేననుకున్నాను మీ వరండాయే గెలుస్తుందని.”

ఆ గొంతులో సంతోషమే ఉంది. చంద్రరావు ఇంకేదైనా దొరుకుతుందేమోనని ఫోను చెవికి గట్టిగా అదిమి విన్నాడు. దొరకలేదు. థాంక్స్ మాత్రం చెప్పి పెట్టేశాడు.

ఇంటి దగ్గర రత్నమాణిక్యం వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇల్లు మనకే వచ్చిందా అని అడిగింది.

“వచ్చింది,” అన్నాడాయన, చెప్పులు విప్పుతూ.

ఆ చెప్పిన తీరు చూసి, పోయిందేమో అనుకుని ఆవిడ ఓదార్చడం మొదలుపెట్టింది.