వదిన వేలిముద్రలు

పెళ్లి పరాయి దేశంలో, సముద్రపు ఒడ్డున ఒక హోటల్లో. అది మా అమ్మాయీ కాబోయే అల్లుడూ కలిసి తీసుకున్న నిర్ణయం. ఇద్దరికీ ఉద్యోగాలు వేరే ఊళ్లో కాబట్టి ఇక్కడి పనులన్నీ నా నెత్తిన పడ్డాయి. నలభై మంది జాబితా, పాస్‌పోర్టు నకళ్లు, వీసా కాగితాలు, ఏ గదిలో ఎవరు పడుకోవాలి.

ఏర్పాట్లు చూసే సంస్థ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "పెళ్లికూతుర్ని మండపం దాకా ఎవరు నడిపించుకొస్తారండీ? మెట్ల దగ్గర కెమెరా పెట్టాలి."

అదే కాల్‌లో ఉన్న మా అమ్మాయి, మా పిచ్చుక, నాకంటే ముందే అందుకుంది. "ఇంకెవరు? మా అత్త. నాకు నడక నేర్పింది ఆవిడేగా."

అందులో అబద్ధం లేదు. అది పుట్టాక నేను రెండేళ్లు మంచం పట్టాను. మావారి అక్క వచ్చి దాన్ని పెంచింది, తర్వాత మాతోనే ఉండిపోయింది. నేను కోలుకుని ఎత్తుకోబోతే పిల్ల ఏడ్చి ఆవిడ చీర చాటుకి పోయేది. ఫోన్ పెట్టేశాక జాబితాలో 'అత్త' అని రాసి, పెన్ను మూత పెట్టాను.

వీసా కేంద్రంలో వదిన గాజుపలక మీద వేళ్లు ఆనించింది. ఎర్రలైటు వెలిగింది. తుడిచి పెట్టించారు, నొక్కి పెట్టించారు. పదింట్లో రెండే పడ్డాయి. జిడ్డు వదలదని ఆవిడ పనిమనిషిని గిన్నెల దగ్గరికి రానివ్వదు. స్టీలు పీచుతో తోమి తోమి వేలికొసలు నున్నగా అరిగిపోయాయి.

"ముద్రల్లేవంటే హాయిగా దొంగతనాలు చేసుకోవచ్చన్నమాట" అంది వదిన. "ఇన్నాళ్లూ తెలీక అంట్లు తోముకుంటూ కూచున్నాను, చూడు మరదలా!"

కౌంటర్లో ఆవిడ కూడా నవ్వింది. "పది రోజులు చేతులు తడపకుండా నూనె రాయండమ్మా, గీతలు తేల్తాయి. నెలాఖరులోపు ఇంకోసారి టైం తీసుకుని రండి. దాటితే కుదరదు."

టైం తీసుకోవడం నా పని.

ఆ పది రోజులూ వదిన రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూచునేది. "గిన్నె అడుగు, అడుగు తోము! పైపైన తుడిచి వదిలేశావేం?" అని పనిమనిషి మీద అరిచేది. అన్నం చెంచాతో తినేది. పిచ్చుక రోజూ ఫోన్లో, "ఏదీ, చేతులు చూపించు దొంగా" అనేది. ఇద్దరూ పగలబడి నవ్వుకునేవాళ్లు. వదిన చేతులు నూనెగా ఉంటాయని ఫోన్ నేను పట్టుకునేదాన్ని.

ఆరో రోజు కంప్యూటర్ తెరిచాను. పై గురువారం పదకొండు గంటలకి ఒక ఖాళీ ఉంది. నెలాఖరులోపు అదొక్కటే. వదిన పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు నింపాను. చివరి బటన్ నొక్కలేదు. కోపమేమీ రాలేదు నాకు. మెట్ల దగ్గర కెమెరా గుర్తొచ్చింది, అంతే. ఆ పేజీ మూసేసి వెళ్లి కుక్కర్ పెట్టాను. సాయంత్రం మళ్లీ తెరిస్తే ఆ ఖాళీ ఎవరికో వెళ్లిపోయింది.

పదో రోజు వదిన నన్ను కిటికీ దగ్గరికి పిలిచి, బొటనవేలు వెలుతుర్లో పెట్టింది.

"చూశావా, తేలాయి! ఎప్పుడు వెళ్తున్నాం?"

నిజంగానే తేలాయి. సన్నగా, ఒకదాని పక్కన ఒకటి.

"ఖాళీల్లేవు వదినా. నెలాఖరు దాకా నిండిపోయాయి."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

వదిన నా మొహంలోకి చూసింది. చాలాసేపే చూసింది.

"పోనీలే" అంది చివరికి. "పిల్లకి నువ్వే చెప్పు. నా నోటితో వింటే ఏడుస్తుంది."

సబ్బుతో చేతుల నూనె కడిగేసుకుని, పీచు అందుకుంది.

మధ్యాహ్నం ఏర్పాట్ల అమ్మాయి ఫోన్ చేసింది. "మీ అమ్మాయి మేనత్తగారి వీసా ఏమైందండీ?"

"కుదర్లేదు. నేనే నడిపిస్తానని రాసుకోండి."

"సరిగా వినపడట్లేదండీ. ఏంటా చప్పుడు?"

"గిన్నెలు తోముతున్నారు" అన్నాను.