ఉందిగారి ఓటు

ఆ ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఉందిగారే. స్టేషను బజారులో ఆయనది ఇనుప సామాన్ల కొట్టు. ఎవరొచ్చి ఏమడిగినా "ఉంది, కూర్చోండి" అనేవాడు. సరుకు లేకపోతే వెనక తలుపులోంచి జారుకుని, పక్కనే ఉన్న బావమరిది కొట్టులోంచి ఆ బందో బోల్టో తెచ్చి చేతిలో పెట్టేవాడు. లేదనే మాట ఆ గడప దాటి ఎరగదు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా! ఊరు ఆయన్ని ముందు వర్తక సంఘానికి అధ్యక్షుణ్ణి చేసింది, తర్వాత పురపాలక సంఘానికి, చివరికి ఏకంగా పార్లమెంటుకే పంపింది.

అక్కడే వచ్చింది చిక్కు. పార్లమెంటుకి వెనక తలుపుంది గాని, పక్కన బావమరిది కొట్టు లేదు.

చిన్న రైలు మార్గాలు మూసెయ్యాలని ఆయన పార్టీయే బిల్లు తెచ్చింది. మూసేవాటిలో ఆయన ఊరి రైలూ ఉంది. పొద్దున్నే దిగే మేస్త్రీలూ పనివాళ్ళూ లేకపోతే స్టేషను బజారులో మేకు కొనే నాథుడుండడు. బజారంతా కట్టగట్టుకుని వచ్చి అడిగితే "మన రైలు ఎక్కడికీ పోదు, నాదీ పూచీ" అన్నాడు. పార్టీ పెద్దాయన పిలిచి అడిగితే "నా ఓటు మీదేనండి" అన్నాడు. రెండూ మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఆయన జబ్బు.

"ఎవరో ఒకరికి లేదని చెప్పండి, నోరేం అరిగిపోదు" అని భార్య ఫోనులో చీవాట్లు పెట్టింది.

"చెప్తాలే" అన్నాడు. ఆవిడకీ లేదనలేకపోయాడు.

ఓటింగు రోజు రానే వచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పెద్దాయన ముందు వరుసలోంచి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రెండుసార్లూ ఈయన నవ్వాడు. మూడోసారి చూసేలోపు కాళ్ళు అలవాటు కొద్దీ వెనక తలుపు వైపు లాగాయి. బాత్రూములో తేలాడు.

మొహం కడుక్కుని కుళాయి కట్టేస్తే నీళ్ళు ఆగలేదు. వాషరు అరిగింది, బొట్టు బొట్టుగా కారుతోంది. చూస్తూ ఊరుకోలేక చేతిరుమాలు చుట్టి బిగించసాగాడు. వేళ్ళకి పని దొరికాక బుర్ర కాస్త నెమ్మదించింది. అప్పుడు తట్టింది: పెద్దాయనకి ఇంకా వందమంది ఉన్నారు, ఆ బజారుకి మాత్రం తానొక్కడే. వ్యతిరేకంగానే వేస్తాను, టిక్కెట్టు పోతే పోనీ అనుకున్నాడు. అనుకోగానే ప్రాణం తేలికపడింది. ఓటింగుకి పిలిచే గంట మోగుతోందని అప్పటిగ్గాని చెవికెక్కలేదు. ఎంతసేపట్నుంచి మోగుతోందో!

పరిగెత్తుకొచ్చేసరికి సభ తలుపులు మూసేశారు.

"బాబ్బాబు, ఒక్క నిమిషం తియ్యి. నా ఓటుంది."

"లేదండీ, ఒకసారి మూశాక ఎవరొచ్చినా తియ్యం" అన్నాడు కాపలాదారు.

ఎంత సులువుగా అన్నాడు! కసురుకోలేదు, నీళ్ళు నమల్లేదు. అంత పెద్ద మనిషి అయ్యుండీ ఆ ఒక్క ముక్క అనడం తనకి చేతకాలేదని ఉందిగారికి సిగ్గేసింది.

తలుపు అవతల సభాపతి లెక్క చదువుతున్నాడు. ఉందిగారి ఓటు కూడా పడి సమానమైతే ఆనవాయితీ ప్రకారం వీగిపోవలసిన బిల్లు ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఉందిగారు గోడకి చేరగిలబడ్డాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. బావమరిది.

"బావా, ఇక్కడ కరెంటు పోయింది, టీవీ లేదు. బజారంతా నీ కొట్టు ముందే నిలబడింది. తొందరగా చెప్పు, మన రైలు ఉందా?"

లేదని చెప్పడానికే నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా తిరిగిన నాలుక అలవాటైన వైపే తిరిగింది.

"ఉంది" అన్నాడు.

"ఉందటరోయ్!" అని అవతల కేక. ఆ వెంటనే ఈలలు, చప్పట్లు.

"కాదురా, ఆగు, నా మాట విను!" అని ఉందిగారు అరుస్తూనే ఉన్నాడు. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.