వంకర మడత

దుప్పటి పిండడానికి గంటమ్మకు ఆ పొద్దున మూడు విడతలు పట్టాయి. ఒక మెలిక తిప్పడం, కుళాయి పట్టుకుని నిలబడడం, మళ్లీ ఒక మెలిక. అత్తగారు చూస్తోందేమోనని వెనక్కి తిరిగి చూసి, ఆయాసాన్ని దగ్గులాగా మార్చేసింది. దగ్గు ఎవరికైనా వస్తుంది. ఆయాసం రోగిష్టివాళ్లకు వస్తుంది. రోగిష్టివాళ్లంటే గంటమ్మకు ఒళ్లుమంట.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఇరవై నాలుగేళ్లు పనిచేసింది. రోజూ గంట కొట్టకముందే గేటు దగ్గర నిలబడి ఉండేది కాబట్టి అందరూ గంటమ్మ అన్నారు. బక్కపలచటి మనిషి, మోచేతుల దాకా ఆవిరి కాల్చిన మచ్చలు. తుమ్మొస్తే సెలవు, నడుం పట్టేస్తే సెలవు అడిగేవాళ్లను పురుగుల్ని చూసినట్టు చూసేది. “ఒళ్లు వంగదు గానీ మూలగడానికి మాత్రం నోళ్లు లేస్తాయి” అనేది, వాళ్లు వింటుండగానే.

ఆ ఆవిరీ, ఆ నూలు దుమ్మూ పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయాయి. నాలుగు నెలల కిందట తడిబట్టల బండి తోస్తూ తోస్తూ దాని మీదే పడిపోయింది. మర్నాటి నుంచి రావద్దన్నారు. వికలాంగుల పింఛనుకు పెట్టుకోమని డాక్టరు చెబితే, తిట్టినట్టే అనిపించింది. కానీ పింఛను రాకపోతే నెలాఖరుకు ఈ గది ఖాళీ చేసి, ఎనభై ఏళ్ల అత్తగారిని వెంటబెట్టుకుని మరిది పంచన చేరాలి. మొగుడు పోయిన నాటి నుంచి ఆ గడప తొక్కకుండా నెట్టుకొచ్చింది. మరిది భార్య చేతి అన్నం కంటే ఆ తిట్టే నయమనుకుని దరఖాస్తు పెట్టింది.

పెట్టి ఏం లాభం! వైకల్యం ఎంతుందో చూస్తాం రమ్మంటే, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వెళ్లింది మహాతల్లి. వెనకాల నలుగురు ముక్కుతూ మెట్లెక్కుతుంటే వాళ్ల ముందు ఆగడం నామోషీ అనిపించి, రెండంతస్తులూ ఏకబిగిన ఎక్కేసింది. లోపల ఆఫీసరు “ఎలా ఉన్నారమ్మా?” అని మాటవరసకు అడిగాడు. “బాగానే ఉన్నాను” అంది. ఆ ముక్క కాగితం మీదికెక్కింది. దాన్ని బలపరచడానికి లాండ్రీ మేనేజరు రాసిచ్చిన ఉత్తరం ఒకటి: తను చూసిన పదకొండేళ్లలో ఒక్క సెలవు కూడా పెట్టని ఉత్తమ కార్మికురాలు అని. సాయం చేద్దామనే రాశాడు, వెర్రిబాగులోడు. దరఖాస్తు తోసిపుచ్చారు.

అప్పీలుకు ఈ రోజే ఆఖరు. డాక్టరు కాగితాలు చాలవట, పనిచేసే చోట కళ్లారా చూసినవాళ్లెవరైనా రాసివ్వాలట. అలా చూసిన మనిషి ఒక్కతే ఉంది. పదకొండేళ్లు దుప్పటికి అవతలి కొస పట్టుకున్న సెలవుల రాణి.

ఆ పేరు పెట్టింది గంటమ్మే. వారం తిరక్కుండా కడుపునొప్పనో కాలునొప్పనో సెలవు చీటీ పట్టుకొచ్చే మనిషి. పోనీ వచ్చిన రోజైనా సరిగ్గా చేస్తుందా అంటే అదీ లేదు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, దులిపి, అంచుకు అంచు కలపాలి. రోజుకు పదిసార్లు దాని చేతిలోంచి అంచు జారేది. మళ్లీ విప్పడం, మళ్లీ దులపడం. “నీవి చేతులా, చీపురు పుల్లలా?” అని గంటమ్మ అరిచేది. మేనేజరుకు రెండుసార్లు చెప్పింది కూడా. అలాంటిదాని దగ్గరికి చెయ్యి చాచుకుని వెళ్లాల్సి వచ్చింది కదా అని దారంతా పళ్లు నూరుకుంటూనే ఉంది.

లాండ్రీలో టీ వేళ. సెలవుల రాణి ఖాళీ బండి మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉంది. లావుపాటి మనిషి, ఆవిరికి జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి ఉంది.

“ఏంటక్కా, దారి తప్పావా?”

“ఒక కాగితం రాసివ్వాలి.” సంగతేమిటో గోడకు చెబుతున్నట్టు చెప్పింది.

“నేనా? మడతే రాదన్నావు, నాకు రాతేం వస్తుంది?”

“రాస్తావా, రాయవా?”

సెలవుల రాణి నవ్వింది. గ్లాసు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, బండి అంచు మీద కాగితం పెట్టుకుని గంట కొట్టేదాకా రాసింది. నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది.

“ఇక్కడ మాత్రం చదవకు. చదివావంటే నన్ను కొడతావు.”

చదవాలని ఎవరికుంది? ఆ మడతలు చూడు, ఒక్క అంచు కలిస్తే ఒట్టు, అనుకుంటూ గంటమ్మ బస్సెక్కింది.

ఆఫీసు మెట్ల మీద ఈసారి నాలుగుచోట్ల ఆగింది. ఆగినప్పుడల్లా గోడకంటించిన నోటీసులు చదువుతున్నట్టు నిలబడింది. కిటికీ అవతల గుమాస్తా కాగితం విప్పి, ముఖాన ఏ భావమూ లేకుండా, వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చదివాడు.

“‘అక్కకు ఆయాసం ఆరేళ్ల నుంచి ఉంది. ఎవరికీ చెప్పదు. దుప్పటి దులిపాక పెదాలు నల్లబడేవి. ఆగుదామంటే తిడుతుంది. అందుకని నేనే కావాలని అంచు జారవిడిచేదాన్ని. నేను మళ్లీ విప్పి సర్దేలోపల ఆమెకు ఊపిరి తిరిగేది. రోజుకు పదిసార్లు జారవిడిచేదాన్ని, పోయినేడు ఇరవైసార్లు. నాకు మడత బాగానే వచ్చు.’”

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గంటమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆరేళ్లు! ఆరేళ్లపాటు ఆ మొద్దుమొహంది తన మీద జాలిపడిందన్నమాట. తిట్లు తింటూ మరీ జాలిపడింది. ఆ కాగితం లాక్కుని చింపి దాని మొహాన కొట్టాలనిపించింది.

“ఇందులో రాసింది నిజమేనా?” అన్నాడు గుమాస్తా.

కాదంటే పరువు దక్కుతుంది, గది పోతుంది. గంటమ్మ కిటికీ చట్రం పట్టుకుంది.

“నిజమే.”

“ఇప్పుడెలా ఉంది?”

“బాగాలేదు” అంది. ఆ మాట అనడం ఆమెకు అదే మొదలు.

అతను ముద్ర కొట్టాడు. “ఇదేదో మొదటే తెచ్చుంటే ఇన్ని తిప్పలు ఉండేవి కాదుగా! వస్తుందిలెండి, పదిరోజుల్లో.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని సెలవుల రాణిని నోరారా తిట్టుకుంది. దొంగమొహంది. రేపు టీ వేళకు వెళ్లి దాని చెవి మెలిపెట్టాలి. ఆ తర్వాత ఏం చెప్పాలో ఇంటికి చేరేదాకా ఆలోచించింది.

మధ్యాహ్నం ఎండకు దుప్పటి పెళపెళలాడుతోంది. తీగ మీంచి తీసి ఒక కొస అత్తగారికిచ్చింది. ముసలావిడ చేతులెత్తి పట్టుకుంది. ఆ చేతులు వణుకుతున్నాయి, పెదాలు బిగుసుకుని ఉన్నాయి. ఇన్నేళ్లూ ఈవిడ కొస పట్టుకుంటూనే ఉంది, ఎప్పుడైనా చూశానా అనుకుంది గంటమ్మ. కూర్చోమంటే ఊరుకుంటుందా? ఇల్లెగిరిపోదూ!

గంటమ్మ వేళ్లు వదులు చేసింది. అంచు జారి నేల మీద పడింది.

“అయ్యో, జారిపోయింది” అని వంగి, తీరిగ్గా దులిపి, తీరిగ్గా అంచు వెతుక్కుంది. అత్తగారు చేతులు దించి ఊపిరి పీల్చుకుంది. పీల్చుకోగానే నోరు లేచింది.

“ఇరవై నాలుగేళ్లు చేసింది ఈ పనేగా? నీకు మడత కూడా రాదేంటే?”

గంటమ్మకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు, ఆపుకోలేని నవ్వు. నవ్వుతూనే ఎలాగో మడత ముగించి, దుప్పటిని కుర్చీ చేతి మీద వేసి, కుర్చీలో కూలబడి, ఇంకా నవ్వుతూనే ఉంది. పిచ్చిగానీ పట్టిందా దీనికి, అని గొణుక్కుంటూ అత్తగారు టీ పెట్టడానికి వెళ్లింది.

గ్లాసుతో తిరిగొచ్చేసరికి నవ్వు ఆగిపోయి, గంటమ్మ తల కుర్చీ వెనక్కి వాలి ఉంది. “తీసుకో” అంది అత్తగారు. కాసేపాగి మళ్లీ అంది. మూడోసారి అనలేదు. గ్లాసు నేల మీద పెట్టి, కోడలి చెయ్యి తన చేతిలోకి తీసుకుని పక్కనే కూర్చుంది.

పింఛను మంజూరైందని తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. గంటమ్మే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలట. తల్లిని తీసుకెళ్లడానికొచ్చిన మరిది దాన్ని చదివి జేబులో పెట్టుకుని, సామాను బండికెక్కించడం మొదలుపెట్టాడు. మరిది భార్య కుర్చీ మీది దుప్పటి అందుకుని సరిచేయబోతే అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది. గదిలో అన్నీ ఖాళీ అయ్యాక కూడా దుప్పటి ఆ కుర్చీ మీదే ఉంది, ఒక అంచు రెండోదాని కంటే జానెడు కిందికి దిగి.