ఐదు డిగ్రీల దగ్గర

పాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ గడువమ్మ అనేవారు. ఏ సరుకు ఎన్ని రోజులు నిలవ ఉంటుందో తేల్చేది ఆమే. అలాగని ప్రతి ప్యాకెట్టూ విప్పి చూస్తూ కూర్చోదు. సూక్ష్మజీవి ఎంత చల్లదనంలో ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే సమీకరణాలు ఆమె కంప్యూటర్లో ఉన్నాయి. ఉప్పు, పులుపు, ఉష్ణోగ్రత అంకెలు ఇస్తే తెర మీద ఒక గీత కనిపిస్తుంది. మొదట నేలబారుగా సాగుతుంది, ఒకచోట తలెత్తుతుంది, ఆపైన పట్టపగ్గాలుండవు. అది హద్దు దాటే రోజు చూసి, దానికి ముందే గడువు పెడుతుంది. మెత్తటి చీజ్‌కు ఇరవై ఒక్క రోజులు పెట్టింది.

ఆ చీజ్ ప్రతి శనివారం ఇంటికీ తెచ్చేది. చెల్లెలికి అదంటే ప్రాణం. చెల్లెలికి ఏడో నెల. రెండు రోజులు జ్వరం కాసింది. మూడో రోజున బిడ్డ కదలడం మానేసింది.

"స్టూలెక్కి కర్టెన్లు దించాను కదక్కా, అందుకే" అంటుంది చెల్లెలు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది.

వారం తరువాత ఆసుపత్రి నుంచి రిపోర్టు వచ్చింది. "నువ్వే చదివి దాచక్కా, నావల్ల కాదు" అంది చెల్లెలు. ఆమె చదివింది. బిడ్డ ప్రాణం తీసిన, చలిలో కూడా పెరిగే ఆ సూక్ష్మజీవి పేరు ఆమెకు కొత్త కాదు. ఫ్రిజ్‌లో మూలకు మిగిలిపోయిన చీజ్ ముక్కను ల్యాబుకు పట్టుకెళ్లి పరీక్షించింది. అందులోనూ ఉంది.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులై రెండేళ్లయింది. తలుపు తెరుచుకోకుండా కుర్చీ ఆనించేవారు. "పగలూ రాత్రీ కాపలా, జీతం మాత్రం లేదు పాపం" అని చెల్లెలి భర్త ఆ కుర్చీని చూసి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వింది. ఎన్నోసార్లు ఆ కుర్చీని తన చేత్తోనే జరిపి, మళ్లీ ఆనించింది. అయినా ఆఫీసులో ఆ చీజ్‌కు గడువు కట్టేటప్పుడు, ఉష్ణోగ్రత గడిలో ఐదు అనే కొట్టింది.

ఇప్పుడు ఆ ఫ్రిజ్‌లో మూడు రోజులు థర్మామీటరు ఉంచింది. తొమ్మిది డిగ్రీలు. ఐదు తీసేసి తొమ్మిది కొట్టింది. గీత ఎనిమిదో రోజునే హద్దు దాటింది.

కాగితం తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టింది.

"ఐదు డిగ్రీల్లో ఉంచమని ప్యాకెట్ మీద వేశాం కదమ్మా" అన్నాడాయన. "ఎవరింట్లోనో ఫ్రిజ్ పాడైతే దానికి మనమేం చేస్తాం?"

"ఆ ఇల్లు మాదే సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ పెట్టుకుని ఏడు రోజుల గడువుకు సంతకం చేశాడు.

ఆ పని ఒక సంతకంతో అయిపోయింది. చెల్లెలికి చెప్పడం మిగిలింది. చెప్పకపోతే ఆ పిల్ల బతికినంతకాలం స్టూలునే తిట్టుకుంటుంది. చెబితే తనకు చెల్లెలు మిగులుతుందో లేదో.

సాయంత్రం వంటగదిలో చెల్లెలు గ్లాసులు కడుగుతోంది. ఆమె వెనక నిలబడి, రిపోర్టు సంగతీ, చీజ్ సంగతీ, తొమ్మిది డిగ్రీల సంగతీ ఏదీ దాచకుండా చెప్పింది. చెల్లెలు కుళాయి కట్టేసింది.

"వాసన రాలేదే."

"రాదు. రుచి కూడా మారదు."

"తేదీ చూసే తిన్నానక్కా. ఇంకా మూడు రోజులుంది. అక్క వేసిన తేదీ కదా అని..."

"నీ తప్పేం లేదు. నాది."

"అయితే స్టూలు వల్ల కాదన్నమాట."

"కాదు."

చెల్లెలు చేతులు తుడుచుకుంది. ఫ్రిజ్‌కు ఆనించిన కుర్చీని లాక్కుని, కిటికీ దగ్గర వేసుకుని, అటు తిరిగి కూర్చుంది. ఫ్రిజ్ తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. లోపలి దీపం వెలిగింది.

కుర్చీ ఇమ్మని ఆమె అడగలేదు. తలుపు మూసి, అరచేత్తో అదిమిపట్టి, అక్కడే నిలబడింది.