జిల్లేడుకి కట్టిన ఎర్రగుడ్డ

వినాయక చవితి రోజు పొద్దున్న ఏడు కాకముందే మా అపార్టుమెంటు వెనక్కి పదకొండుసార్లు వెళ్ళొచ్చాను. పన్నెండోసారి చెప్పులు వేసుకుంటుంటే మా ఆవిడ రోజారమణి వంటింట్లోంచి కేకేసింది.

"ఏటండీ అది? నీల్లోసుకున్న కూతుర్ని సూసినట్టు గడియకోపాలి సూత్తన్నారు! అదేటి పారిపోద్దా?"

"పారిపోద్దని కాదే, నాను సూడకుండా పుట్టేత్తదని!"

పుట్టాల్సింది సీతాకోకచిలుక. ఒక జిల్లేడాకు అడుగున పచ్చటి జుంకీలా వేలాడుతోంది దాని గూడు, చుట్టూ బంగారు చుక్కలతో. నా గోడు అంతా ఆ గూడు గురించే.

సీతమ్మధారలో మా బిల్డింగుకీ ప్రహరీకీ మధ్య మూడు గజాల వెడల్పున ఖాళీ నేల ఉంది. నేను పోర్టులో క్రేను నడుపుతాను. కంటైనర్లు ఎత్తుతాను, ఇంట్లో ఎదురుమాట ఎత్తను. రెండేళ్ళ కిందట ఆ నేల మీది ప్లాస్టిక్ సంచులు ఎత్తేసి, మన కొండల మీద ఎవరూ నాటకుండా మొలిచే మొక్కలు తెచ్చి పెట్టాను. జిల్లేడు, తంగేడు, వావిలి, ఉత్తరేణి, ఉమ్మెత్త, రేగు, ఇంకా ఇలాంటివి బోలెడు. కుండీలో క్రోటన్ని చూసి ఏ పిట్టా భోజనానికి రాదు. మన మట్టి మొక్క అయితే ఆకుకో పురుగు, పురుగుకో పిట్ట. కుట్టుపిట్ట వచ్చింది. తేనెపిట్ట వచ్చింది. తొండ వచ్చింది. చివరికి అసోసియేషన్ ప్రెసిడెంటు భీమశంకరరావు గారు కూడా వచ్చారు.

ఆయనది గోదావరి జిల్లా. ముప్ఫై ఏళ్ళు స్టీలు ప్లాంటులో ఉక్కు నాణ్యత చూసి రిటైరయ్యారు. ఇప్పుడు చేతిలో ఉక్కు లేదు, ఉక్కపోత ఉంది. దాంతో మా నాణ్యత చూస్తున్నారు.

"ఇయ్యి మొక్కలాండీ ఎల్లారావు గారూ? కలుపండీ ఆయ్, కలుపు!"

"కలుపే సార్. పిట్టల్నీ మనల్నీ కలుపుద్ది."

"టైల్స్ ఏయించేద్దారండి. నాలుగు కార్లు పడతాయి."

"ఉడత్తోక ఉంది కద సార్, మల్లీ ఈ టైలెందుకు?"

మీటింగులో అందరూ నవ్వారు. ఓటు మాత్రం ఎవరూ వెయ్యలేదు. నవ్వులన్నీ నాకు, చేతులన్నీ ఆయనకి. నేను కాళ్ళావేళ్ళా పడితే, చివరికి ఆయన ఒక షరతు పెట్టారు.

"సీతాకోకచిలకలు వస్తన్నాయంటున్నారు కదండీ. వచ్చేయన్నీ సింహాచలం కొండమీంచొచ్చే చుట్టాలండి. ఈ తోటలో పుట్టిందేదీ? చవితి వినాయకుణ్ణి నీళ్ళలో కలిపేలోపు ఒక్కటి ఇక్కడ పుట్టి, నా కంటబడాలి. లేదా, శుక్రవారం టైల్స్ లారీ గేట్లో ఉంటదండి."

జిల్లేడు మీద చారచారల గొంగళ్ళు తొమ్మిది ఉండేవి. ఎనిమిదింటిని కందిరీగలూ తొండా పంచుకున్నాయి. వాటినీ నేనే పిలిచాను కాబట్టి కుక్కిన పేనులా ఊరుకున్నాను. ఇక మిగిలింది ఈ ఒక్క గూడు.

దాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఆ మొక్కకి ఎర్రగుడ్డ కట్టాను. మా పోర్టులో లారీలోంచి ఇనుము బయటికి పొడుచుకొస్తే ఎర్రగుడ్డే కడతాం. దగ్గరికి రాకు అని దానర్థం. అంతటితో ఆగినా బాగుండేది. ఓట్లు రాబట్టుకుందామని ముందురోజు అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో, "బజారుకెళ్ళి ఎందుకు దండగ? ఇరవై ఒక్క పత్రిలో పదహారు రకాలు మన వెనకాలే ఉన్నాయి, కోసుకోండి" అని పెట్టాను. పుణ్యానికి పోయాను, పత్రికి దొరికిపోయాను.

ఏడున్నరకి రోజారమణి నా నెత్తిన నూనె పెట్టేసింది. పండగపూట తలంటు తప్పదంది. కుంకుడు పులుసు కళ్ళలో పడి పావుగంట ఏమీ కనబడలేదు. తల తుడుచుకుంటూనే కిందికి పరుగెత్తాను.

తోట బోడిగుండయి ఉంది. ఉత్తరేణి లేదు, వావిలికి కొసలు లేవు. జిల్లేడుకి మోడు మిగిలింది. తెంపినచోటల్లా తెల్లగా పాలు కారుతున్నాయి. ఎర్రగుడ్డ మాత్రం మోడుకి భద్రంగా ఉంది, దానికి కొత్తగా పసుపూ కుంకుమా పెట్టి.

వాచ్‌మన్ తవిటయ్య అక్కడే ఆకులు ఊడుస్తున్నాడు.

"తవిటయ్యా! ఏటిది? ఎర్రగుడ్డ కట్టినాను కదా!"

"కట్టినారు కాబట్టే కదా బాబూ! సెట్టుకి ఎర్రగుడ్డుంటే అమ్మోరున్నట్టు కదేటి? ఆడోలందరూ మిగతా మొక్కలొగ్గేసి ముందు దీనికాడికే ఒచ్చినారు. మొక్కీసి మరీ కోసినారు."

కొమ్మ ఎవరు పట్టుకెళ్ళారో అతనికి తెలియదు. మొత్తం పన్నెండు వాటాలు. ఇంటింటికీ వెళ్ళి దేవుడికి దండం పెడుతూ, వంగి ఆకుల అడుగు చూడ్డం మొదలుపెట్టాను. ప్రతి ఇంట్లోనూ ఉండ్రాళ్ళు పెట్టారు. ఏడో ఇంటికి కడుపు నిండింది, ప్రాణం ఎండింది.

ఎనిమిదోది భీమశంకరరావు గారిల్లు. ఆయన పట్టుపంచె కట్టుకుని శమంతకమణి కథ చదువుతున్నారు. కథ మధ్యలో వచ్చినవాడు లేచిపోతే నీలాపనిందలు తప్పవని ఆయన భార్య శ్రీసత్య గారు నన్ను కూర్చోబెట్టారు. కూర్చుని తలెత్తాను. వినాయకుడి నెత్తిన వేలాడే పాలవెల్లికి మొక్కజొన్న పొత్తుకీ వెలక్కాయకీ నడుమ నా జిల్లేడు కొమ్మ కట్టి ఉంది. కొమ్మకి ఆకు, ఆకుకి జుంకీ! అక్కడ పురాణం నడుస్తోంది, ఇక్కడ నా ప్రాణం ఊగుతోంది.

హారతికి అందరూ కళ్ళు మూసుకోగానే మెల్లగా చెయ్యి చాచాను.

"ఏవండోయ్! దేవుడి సొత్తు మీద చెయ్యేస్తన్నారేంటండీ?" అన్నారు ప్రెసిడెంటు గారు.

మణి ఎత్తుకుపోయాడని కృష్ణుడికి పడిన నింద అబద్ధం. నాకు పడింది నిజం. ఉన్నదంతా చెప్పేశాను. గూడు నల్లబడితే పుట్టబోతున్నట్టే, దాన్ని మళ్ళీ తోటలో కట్టుకుంటాను, ఇచ్చెయ్యండి అని బతిమాలాను.

"కుదరదండీ. ఉద్వాసన చెప్పకుండా ఆకు కదపకూడదు. చెప్పాక అది నిర్మాల్యం, ఇంటికి పట్టుకెళ్ళకూడదు. సాయంత్రం జాలరిపేట ఒడ్డున విగ్రహంతోపాటు సముద్రంలో కలపడవేనండి."

శ్రీసత్య గారు దీపం ఎత్తి ఆకు అడుగున చూశారు.

"ఏవండీ, నెలలు నిండినదాన్ని గుమ్మం దాటిస్తారా? అందులోనూ సముద్రంలో ముంచుతారా? మన ఇంటా వంటా ఉందా అది?"

ప్రెసిడెంటు గారు పంచె సర్దుకున్నారు. కొబ్బరికాయ వంక చూశారు. చివరికి, "సరే, మూడోరోజు పంపుదాం. రెండోరోజు సరిసంఖ్య, పంపకూడదు," అన్నారు. మూడోరోజంటే శుక్రవారం. లారీ వచ్చే రోజు.

గురువారం డ్యూటీకి వెళ్ళాను. నూటపది అడుగుల ఎత్తులో క్రేను క్యాబిన్లో కూర్చుని, కింద ఓడ కనిపిస్తుంటే ఆకు గుర్తొస్తోంది. పని ఆగిన ప్రతిసారీ ఫోన్ చేశాను. "ఇంకా లేదండి," అన్నారు భీమశంకరరావు గారు. మూడోసారి, "ఇప్పుడే కదండీ చేశారు, స్థిమితంగా ఉండలేరా?" అని విసుక్కున్నారు. మధ్యాహ్నం రెండింటికి ఆయనే చేశారు.

"ఎల్లారావు గారూ, కింద కొస కొంచెం నల్లబడిందండి."

నాలుగింటికి మళ్ళీ. "నారింజ రంగు కూడా కనపడతందండి. ఫ్యాను ఆపేశాను, గాలికి ఊగుతందని. ఏవండీ, పుట్టినవెంటనే దానికి ఏం పెట్టాలండి?"

"ఏటీ పెట్టక్కర్లేదు సార్."

"అదెలాగండీ? ఉండ్రాళ్ళున్నాయి."

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి శ్రీసత్య గారు తలుపు బాదారు. చెప్పులు లేకుండా పరుగెత్తాను. జుంకీ చీలింది. లోపల్నుంచి తడిబట్ట పిండి వదిలేసినట్టు ముడతలు పడ్డ రెక్కలతో ఒక ప్రాణి బయటికి పాకి, ఖాళీ గూటిని పట్టుకుని వేలాడింది. గంటసేపు కళ్ళార్పకుండా చూస్తుండగా ముడతలు విడిపోయి రెక్కలు ఆరాయి. నారింజ రంగు, అంచున నలుపు, ఆ నలుపులో తెల్లచుక్కలు. స్టీలు ప్లాంటులో మండే ఇనుము చూసిన మనిషి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి బిగబట్టారు.

సరిగ్గా అప్పుడే కింద లారీ హారన్ మోగింది.

"చూశారు కద సార్," అన్నాను.

"చూశానండి. బంగారంలా ఉంది. కానీ షరతేంటండీ? తోటలో పుట్టాలి. ఇది పుట్టింది మా ఇంట్లో. మా దీపం ముందు, మా పాలవెల్లి కింద. ఇది మా పిల్లండి."

ఎర్రగుడ్డ కట్టింది నేనే, గ్రూపులో పెట్టిందీ నేనే. ఇంకెవర్ని అనగలను?

శ్రీసత్య గారు కిటికీ తలుపులు తీశారు. "మీ పిల్లేనండీ, కాదన్నదెవరు? మరి దీన్ని ఏ ఇంటికి పంపుతున్నారో అది కూడా చూడండి."

ప్రెసిడెంటు గారు కిటికీలోంచి కిందికి చూశారు. బోడి జిల్లేడు. దాని పక్కన తవిటయ్య లారీ తాళ్ళు విప్పిస్తున్నాడు. మొదటి టైల్స్ పెట్టె నేల మీద పడిన చప్పుడు పైదాకా వినిపించింది. సీతాకోకచిలుక రెండుసార్లు రెక్కలు ఆడించి, మా తలల మీదుగా కిటికీ దాటి, ప్రహరీ మీద ఒక్క క్షణం వాలి, ఎటో వెళ్ళిపోయింది.

"ఎల్లారావు గారూ, ఇది మళ్ళీ వస్తదాండీ?"

"ఆడదైతే గుడ్లెట్టడానికి జిల్లేడే ఎతుక్కుంటది సార్. ఉంటే వస్తది."

"ఆ మోడు ఎన్నాళ్ళకి చిగురేస్తదండి?"

"వానపడితే పదిరోజులు."

ఆయన పంచె ఎగ్గట్టి మెట్లు దిగడం మొదలుపెట్టారు. లిఫ్టు గుర్తు రాలేదు. "తవిటయ్యా! దింపొద్దు, దింపిందాన్ని ఎక్కించెయ్!" అని మొదటి అంతస్తు నుంచే కేకలు. లారీ డ్రైవరు ఏదో అడుగుతున్నాడు, ఈయన ఏదో చెబుతున్నారు. నేను ఆయన వెనకాలే దిగుతూ ఆకాశం చూస్తున్నాను. మబ్బుందా, లేదా, పదిరోజుల్లో పడుతుందా. జిల్లేడు దగ్గర ఆయన ఆగి నాకేసి తిరిగారు.

"వానకి ఇంకా టైముందండి. మీరు ముందు ఆ ఎర్రగుడ్డ తీసెయ్యండి!"