తినబుద్ధేసే వాసన

చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే ఆవిరితో పాటు పొగాకు వాసన లేచింది. అది గుమాస్తాగారి చొక్కా. తర్వాతి దుప్పటిలోంచి ఎవరి జ్వరమో లేచింది. ఎంత ఉతికినా, వేడి తగిలితే బట్ట తను దాచుకున్నదంతా బయటపెట్టేస్తుందని కోడలికి నేర్పింది అత్తే. ఆ అత్త ఇప్పుడు దుకాణం వెనక గదిలో మంచం పట్టి ఉంది. చేయి ఇస్త్రీపెట్టె మీద ఆడుతున్నా కోడలి చెవులు మాత్రం ఆ గదివైపే. దగ్గు వినిపిస్తే ఆయాసం ఎక్కువైందేమోనని దడ. వినిపించకపోతే అంతకు రెట్టింపు దడ.

ఆ పొద్దున మనవరాలు మెడకు వెనిలా సెంటు కొట్టుకుని పనికి బయల్దేరుతుంటే మంచం మీంచి గొంతు లేచింది.

"నాక్కూడా కాస్త కొట్టవే."

"నీకెందుకత్తా ఆ కేకు వాసన? చీమలు పడతాయి. అసలే ఆయాసం మనిషివి, ఊపిరాడకపోతే ఎవరు పరిగెత్తాలి?" అంటూ కోడలు సీసా లాక్కుని బీరువా మీద పెట్టేసింది.

అత్త మళ్లీ అడగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె నోటికి జడిసి వీధి వీధంతా తప్పుకు తిరిగేది. అలాంటి మనిషి మారు మాట్లాడకుండా ఊరుకోవడమే కోడల్ని పొద్దంతా కుదురుగా ఉండనివ్వలేదు.

మధ్యాహ్నం పాలలో బ్రెడ్డు నానబెట్టి తీసుకెళ్లింది. ఒకప్పటి బొగ్గుల ఇస్త్రీపెట్టె మోసి మోసి అత్త కుడిభుజం ఓ పక్కకు దిగిపోయింది. ముంజేతి మీద ఎప్పుడో కాలిన మచ్చ. ఒంటికి పూసే మందునూనె ఘాటుకు మనవరాలు ఈమధ్య గుమ్మంలోంచే పలకరించి పోతోంది. కోడలు కూడా మంచానికి ఎడంగా నిలబడే చేయి చాచి చెంచా అందిస్తుంది.

రెండు చెంచాలు తిని అత్త మొహం తిప్పుకుంది.

"ఎంతమంది సెంట్లు చూశానే ఆ పెట్టె కింద! అన్నీ వాళ్లవే. నా ఒంటికేమో పొగ, ఇప్పుడీ నూనె. పిల్లదానిది తినబుద్ధేసే వాసన. అదుంటే ఎవరైనా కాస్త దగ్గరికొస్తారు కదా అనుకున్నా."

కోడలు బీరువా దగ్గరికి నడిచింది. సీసా దించింది. ముందు తన చేతిమీద కొట్టుకుని చూసుకుంది. కిటికీ తెరిచి, శాలువా అంచుకు, అదీ కాళ్ల దగ్గరి కొసకు, ఒక్కసారంటే ఒక్కసారే కొట్టింది. ఊపిరి బిగబట్టి అత్త రొమ్మువైపే చూస్తూ నిలబడింది.

ఏమీ కాలేదు. అత్త ఆ కొసను లాక్కుని ముక్కుకు ఆనించుకుంది.

"ఇంతేనా? పిసినారిదానా!"

కోడలికి నవ్వొచ్చింది. కాపురానికి వచ్చాక మొదటిసారి, అత్త పక్కన భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. గిన్నె ఖాళీ అయింది.

"ఇంకాసేపు కూర్చోవే."

"బట్టలు మిగిలిపోయాయత్తా."

"అవెక్కడికి పోతాయి?"

కోడలు కూర్చుంది. అత్తకు కునుకు పట్టాకే లేచింది.

సాయంత్రం పని నుంచి వచ్చిన మనవరాలు ఆ రోజు గుమ్మంలో ఆగలేదు. "నానమ్మా, నా సెంటు కొట్టేశావా!" అన్న నవ్వు దుకాణంలోకి వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. కోడలు ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, స్విచ్చి ఆపి, లోపలికి నడిచింది. ఇన్నాళ్లూ ప్రతి దగ్గుకూ పరిగెత్తిన మనిషి, అప్పుడు మాత్రం పరిగెత్తలేదు.

డాక్టరు వచ్చి నాడి చూసి చేయి వదిలేశాడు.

"ఆ సెంటు వల్ల కాదు కదండీ?"

"కాదమ్మా. అలిసిపోయిన గుండె. నిద్రలోనే ఆగిపోయింది."

దుకాణం మళ్లీ తెరిచిన రోజు మనవరాలు శాలువా తెచ్చి బల్లమీద పెట్టింది. కోడలు అలవాటుగా నీళ్లు చిలకరించబోయి ఆగిపోయింది. వేడి తగిలితే అందులో ఉన్నది ఉన్నట్టే లేచిపోతుంది. ఇస్త్రీపెట్టెను పక్కకు జరిపింది.

మడత నలగని చొక్కాలు, దుప్పట్ల మధ్య ఆ శాలువా ఒక్కటే, అత్త గుప్పిట పట్టిన చోట ముడతలు ముడతలుగా ఉండిపోయింది.